ముప్పై ఏడు తేడాలు

శుక్రవారం ఉదయం పదకొండింటికి నా కంప్యూటర్ మీద ఒక జాబితా తెరుచుకుంది. ముప్పై ఏడు వరుసలు. అన్నిటి పక్కనా మా వదిన పేరే. అది చూసినప్పటి నుంచీ నేను కాలుకాలిన పిల్లిలా ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఆఫీసంటే ఎంతో అనుకునేరు, రెండు గదులు. కిటికీ నుంచి తలుపుకి పదకొండు అడుగులు. తలుపు నుంచి కిటికీకి మళ్ళీ పదకొండు. ఆ మధ్యలో నా కుర్చీ అడ్డం. దాన్ని మూడుసార్లు తన్నుకున్నాను.

సాయంత్రం ఐదింటికల్లా పని ముగించాలి. మాకున్న క్లయింట్లలో పెద్దది ఒక రక్తపరీక్షల సంస్థ. తొమ్మిది చోట్ల వాళ్ళ ల్యాబులున్నాయి, ఒక్కో ల్యాబుకీ ఒక్కో వెబ్‌సైటు ఉంది. రక్తం ఇచ్చి వెళ్ళినవాళ్ళు మర్నాడు ఇంట్లోనే కూర్చుని తమ రిజల్టు అందులో చూసుకుంటారు. తొమ్మిది సైట్లూ ఒక తల్లి పిల్లల్లా కనిపించాలని వాళ్ళ మేనేజరు పట్టుబట్టాడు. శనివారం పొద్దున్న యజమానులందరూ కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూస్తారట. ఎనిమిది సైట్లు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. తొమ్మిదోది మాత్రం ఎవరి పోలికో తెలియకుండా ఉంది. ఆ తొమ్మిదోది మా వదిన చేతిలోది.

మా పని గురించి కాస్త చెప్పాలి. అక్షరాల రంగు, సైజు, బటన్ల ఆకారం, వరుసల మధ్య ఖాళీ, ఇలాంటి వాటన్నిటికీ తలా ఒక పేరు పెట్టి మూటకట్టి ఉంచుతాం. వాటిని స్టైల్స్ అంటాం. ఒక సైటులోని మూటని మిగతా వాటికి పంచితే అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. దీన్నే సింక్ చెయ్యడం అంటాం. వినడానికి ఇంతే. అయితే పంచేటప్పుడు అవతలి సైటులో అదే పేరుతో ఇంకో స్టైల్ ముందే ఉందనుకోండి, కంప్యూటర్ ఒకటే ప్రశ్న అడుగుతుంది: పాతది ఉంచాలా, దానిమీద కొత్తది రాసెయ్యాలా? కొంపలు మునిగేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

నేను ఒకసారి ముంచాను కూడా. పోయినేడాది ఒక బడి సైటు మీద నా మూట దించి, ఏమీ చూసుకోకుండా 'రాసెయ్యి' అని నొక్కాను. అక్కడ పరీక్షల ప్రకటనకి వాడిన స్టైల్ పేరూ, నా మూటలో ఒకదాని పేరూ ఒకటే. దాంతో ప్రకటన మొత్తం తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలైంది. మూడు గంటలపాటు తల్లిదండ్రులందరూ ఖాళీ పేజీని చూస్తూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం మా ఫోను మోగిన మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వదిన ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక కాగితం మీద నాలుగు నియమాలు రాసి గోడకి అంటించింది. ముందు సైటు మొత్తానికి నకలు తీసి పక్కన పెట్టు. రెండు, తేడాల జాబితా తీయి. మూడు, ఏ తేడా ఎవరు చేశారో వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, మొహం చూసి అడుగు: 'ఇది నీదా? తీసేస్తే ఏం పోతుంది?' నాలుగు, జవాబు వచ్చాకే నొక్కు. ఫోన్లో అడక్కూడదు, మెసేజ్ పెట్టకూడదు. మొహం చూసే అడగాలి. ఇదెక్కడి చాదస్తం అని నేను సణిగాను గానీ, అప్పటి నుంచి ఒక్క సైటూ మునగలేదు.

ఇంతకీ ఎనిమిది సైట్లకీ పంచిన మూట నేను కట్టిందే. చెప్పుకోకూడదు గానీ చాలా అందమైనది. సన్నటి అక్షరాలు, తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు. తెల్లవారుజామున కిటికీ అద్దానికి పట్టిన మంచులా ఉంటుంది చూస్తే. మేనేజరు అది చూసి నిమిషంపాటు మాట్లాడలేదు. ఆ నిమిషాన్ని నేను ఏడాదిన్నరగా నెమరేసుకుంటున్నాను.

అలాంటిదాన్ని వదిన తన సైటులో ఏం చేసిందో చూస్తే నాకు ఒళ్ళు మండింది. లేత బూడిదని నల్లబరిచింది. అక్షరాలు లావుచేసి, సైజు పెంచింది. నేను తీగలా సన్నగా గీసిన గీతల్ని కొబ్బరితాళ్ళు చేసింది. రిజల్టు అంకెల వెనక ముదురు నీలం పులిమి, అంకెల్ని తెల్లగా పెట్టింది. ముప్పై ఏడు చోట్ల నా పనిని దిద్దింది, ఒక్కసారైనా నాతో అనకుండా.

నియమం ప్రకారం లేచి ఆవిడ గదిలోకి వెళ్ళాను. మా వదిన అంటే మా అన్నయ్య భార్య, ఈ ఆఫీసు పెట్టిన మనిషి. పన్నెండేళ్ళ కిందట ఒక్క కంప్యూటరుతో మొదలుపెట్టి, ఏ పనీ కుదురుగా చెయ్యదని మా ఇంట్లో అందరూ చేతులెత్తేసిన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా కోపం చూసి 'చిటపట' అని పేరు పెట్టింది. నేను వెళ్ళేసరికి మొహం తెరకి ఆనించి మరీ ఏదో చూస్తోంది.

మొదటి తేడా చదివాను. బూడిద రంగు ముదిరింది, ఇది నీదా అన్నాను. నాదే అంది. తీసేస్తే ఏం పోతుందన్నాను.

"ఏమీ పోదు, తీసెయ్," అంది వదిన.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. పదోదాకా వచ్చేసరికి నాకు అనుమానం మొదలైంది. తీసేస్తే ఏమీ పోనివాటిని అసలెందుకు పెట్టినట్టు? ఆ మాటే అడిగితే వదిన నీళ్ళు నమిలింది. మేనేజరు అడిగాడని ఒకసారి, ల్యాబువాళ్ళు అడిగారని ఇంకోసారి అంది. చివరికి, ముప్పై ఏడూ నావే, ముప్పై ఏడూ తీసెయ్, నాకు పనుంది అంది. తల మాత్రం ఇటు తిప్పలేదు.

నా గదికొచ్చి మేనేజరుకి ఫోన్ చేశాను. తను అలాంటివేవీ అడగలేదన్నాడు. పైగా, ఆ తొమ్మిదోది ఎందుకంత మొరటుగా ఉందని నన్నే ఎదురు ప్రశ్నించాడు. ఫోన్ పెట్టేశాక నా బుర్ర ఊరుకోలేదు. వదిన అబద్ధం చెప్పింది. పన్నెండేళ్ళలో నాకు తెలిసి అదే మొదటిసారి.

అక్కడి నుంచి ఒకదాని వెనక ఒకటి గుర్తుకు రావడం మొదలైంది. ఆర్నెల్లుగా వదిన స్కూటర్ తీయడం మానేసి బస్సులో వస్తోంది. ఏ ఉత్తరం వచ్చినా 'కాస్త చదివి పెట్టవే' అని నా ముందుకు తోస్తోంది, తనకి తీరిక లేనట్టు. మొన్న వీధిలో నేను ఎదురుగా చెయ్యి ఊపితే చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. ఓహో, పెద్దరికం వచ్చిందన్నమాట అనుకున్నాను అప్పుడే. ఇప్పుడు ఇది. బహుశా నన్ను తప్పించే ఆలోచన కాబోలు. నా పని నచ్చలేదని మొహం మీద చెప్పలేక, తొమ్మిదో సైటులో వేరే మూట కట్టుకుంటూ వచ్చిందేమో. రేపు యజమానుల ముందు పెట్టి, చూడండి ఇది నాది, అంటుందేమో. ఇలా మధ్యాహ్నం రెండింటిదాకా ఉడికిపోయాను. తెచ్చుకున్న భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు.

రెండున్నరకి ఇక ఆగలేక పని మొదలుపెట్టాను. నకలు తీశాను. అసలు సైటు జోలికి పోకుండా ఆ నకలు మీద నా మూట దించి, 'రాసెయ్యి' అని నొక్కాను. పేజీ తెరిచి చూశాను. రిజల్టు అంకెల్లేవు. హిమోగ్లోబిన్ అని ఉంది, దాని ఎదురుగా ఖాళీ. చక్కెర అని ఉంది, ఎదురుగా ఖాళీ. ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. వదిన పులిమిన నీలం నా మూట కింద చెరిగిపోయింది. అంకెల తెలుపుకి మాత్రం నా మూటలో లేని పేరేదో పెట్టింది కాబట్టి, అది అలాగే మిగిలింది. మళ్ళీ తెలుపు మీద తెలుపు. బడి సైటు కథే.

నిజం చెప్పొద్దూ, భయంతోపాటు కాస్త సంతోషం కూడా వేసింది. ఇప్పుడేం చెబుతుందో చూద్దాం అనుకున్నాను. వదినని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఎలా ఉందో చూసి చెప్పమన్నాను. ఏం జరిగిందో చెప్పలేదు.

వదిన తెర దగ్గరికి వంగింది. తల కొంచెం కుడికి తిప్పింది, మళ్ళీ ఎడమకి తిప్పింది. వేలితో ఆ ఖాళీ వరస మీదుగా మెల్లగా పైనుంచి కిందికి వచ్చింది.

"బాగుంది. పంపించెయ్," అంది.

"ఏం బాగుంది? అక్కడ అంకెలే లేవు. నీకు కళ్ళు కనపడట్లేదా?" అన్నాను.

అది నేను రోజుకి పదిసార్లు ఎవరో ఒకరిని అనే మాటే. సైకిలు అడ్డం తెచ్చినవాడినీ అంటాను, అద్దం తుడవని మనిషినీ అంటాను. వదిన వేలు తెరమీదే ఉంది. ఆ వేలు ఖాళీలో లేని అంకెల కోసం వెతకడం చూశాక గానీ నా నోట్లోంచి వచ్చిన మాట నా చెవిన పడలేదు.

నేను నెమ్మదిగా ఆ జాబితాని మళ్ళీ తెరిచాను. ఇందాకటి నుంచీ ఎవరు చేశారన్నదే చూశాను గానీ ఎప్పుడు చేశారన్నది చూడలేదు. తేదీల వరసన పెట్టాను. పద్నాలుగు నెలల కిందట బూడిదరంగు ఒక్క పిసరు ముదిరింది. రెండు నెలలకి ఇంకో పిసరు. అక్షరం పద్నాలుగు నుంచి పదహారుకి, పదహారు నుంచి పద్దెనిమిదికి, పోయిన నెలలో ఇరవై రెండుకి. సన్నగీత లావెక్కింది. ఆర్నెల్ల కిందట, అంటే స్కూటర్ మానేసిన వారంలోనే, నీలం వచ్చింది. చివరి తేడా మొన్న మంగళవారానిది. అందులో బూడిదనేదే లేదు, పూర్తి నలుపు. ముప్పై ఏడు వరుసల్లో మా వదిన చూపు మెట్టుమెట్టుగా దిగిపోవడం రాసి ఉంది. పక్క గదిలో కూర్చుని నేను ఒక్క మెట్టూ చూడలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

అప్పుడు చెప్పింది వదిన. ఎడమ కంట్లో నడుమ ఒక మచ్చలా ఉంటుందట, ఎటు చూస్తే అటే వస్తుందట. కుడి కన్ను కూడా ఈ మధ్య మసకేస్తోందట. తొమ్మిదో సైటు ఒక్కటే రోజూ తను స్వయంగా చూసుకుంటుంది కాబట్టి, కనపడనప్పుడల్లా అక్కడ కొంచెం, ఇక్కడ కొంచెం మార్చుకుంటూ వచ్చింది. ఎవరికీ తెలియకుండా ఇలా ఎన్నాళ్ళైనా నెట్టుకురావచ్చు అనుకుంది.

"మీ అన్నయ్యకి తెలిస్తే ఇంట్లో కూర్చోమంటాడు. ప్రేమతోనే అంటాడనుకో. క్లయింట్లకి తెలిస్తే చూపులేని మనిషి సైట్లేం చేస్తుందంటారు," అంది. "నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు చిటపటా."

"మరి తీసేస్తే ఏమీ పోదన్నావుగా పొద్దున్న?"

"నా కోసం తొమ్మిదోదాన్ని వేరుగా ఉంచమని ఏ మొహం పెట్టుకుని అడగను? నియమం రాసింది నేనే కదా."

టైము మూడున్నర. నేను మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టాను. పదకొండు అడుగులు అటు, పదకొండు ఇటు. నా మూట దించితే ఎనిమిదితోపాటు తొమ్మిదోదీ మంచు పట్టిన అద్దమవుతుంది. సోమవారం నుంచి వదినకి తన సైటు కూడా కనపడదు. దించకపోతే రేపు యజమానులు నిలదీస్తారు. ఐదోసారో ఆరోసారో కుర్చీని తన్నుకున్నాక తట్టింది. కనపడనిది వదిన ఒక్కదానికేనా?

తొమ్మిదో ల్యాబులో ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడకి ఫోన్ చేశాను. సైటు గురించి ఫిర్యాదులేమైనా వస్తాయా అని అడిగాను. ఇంతకుముందు రోజూ ఇరవైమంది ఫోన్ చేసి, అమ్మా కాస్త చదివి చెప్పు, కనపడట్లేదు అనేవాళ్ళట. ఈ ఏడాదిలో అవి దాదాపు ఆగిపోయాయట. పాత ల్యాబులో తనతోపాటు పనిచేసిన పిల్ల ఇప్పుడు నాలుగో ల్యాబులో ఉందట. పాపం, రోజంతా ఆ అమ్మాయికి అంకెలు చదివి వినిపించడమే సరిపోతోందని నవ్వింది. నాలుగోది నా సైటు.

తర్వాత మేనేజరుకి చేశాను. తొమ్మిదీ ఒకేలా ఉండాలన్నది మీ కోరిక కదా, ఉంటాయి, అయితే తొమ్మిదోదానిలా ఉంటాయి అన్నాను. అతను ఒప్పుకోలేదు. మొరటుగా ఉందన్నాడు. మీ అమ్మగారి వయసెంత అని అడిగాను. ఈ ప్రశ్నకి అతనికి కోపం వచ్చింది. ఆవిడ తన రిజల్టు ఎవరిచేత చదివించుకుంటారని అడిగాను. కాసేపు అవతల చప్పుడు లేదు. నా బూడిదరంగు చూసి మాట్లాడకుండా ఉన్న ఆ నిమిషం కంటే ఈ మౌనం పొడుగ్గా అనిపించింది. చివరికి అక్షరాలూ, అంకెలూ మీ ఇష్టం, బటన్ల ఎరుపు మాత్రం మా సంస్థది, అది ముట్టుకోవద్దన్నాడు. యజమానులు ఒప్పుకోకపోతే సోమవారం మళ్ళీ మొదటికి రావాల్సిందే అని కూడా అన్నాడు. సరేనన్నాను.

ఫోన్ పెట్టేసి, వదినా, మూట నీది, నా ఎనిమిదింటి మీద దించుతున్నా అన్నాను. వదిన ఒప్పుకోలేదు. నియమం నాకొక్కదానికేనా, నీకు లేదా అంది. ముందు నకలు అంది. ఎనిమిదింటికీ నకళ్ళు తీశాను. జాబితా అంది, తీశాను. ఈసారి ఎనిమిది సైట్లలోనూ ఉన్నవన్నీ నావే. వదిన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం చూడాలి కదా మరి. తల కొంచెం పక్కకి తిప్పి, ఆ మచ్చ తప్పించుకుని, నా మొహం ఎక్కడుందో వెతుక్కుని చూసింది.

"లేత బూడిదరంగు. ఇది నీదా?"

"నాదే."

"తీసేస్తే ఏం పోతుంది?"

"నా పొగరు పోతుంది," అన్నాను.

పొద్దుటి నుంచి మొదటిసారి వదిన నవ్వింది. పోతే పోనీలే, మళ్ళీ వారంలో మొలుస్తుంది అంది. బటన్ల ఎరుపు 'ఉంచు'లోనూ, మిగతావి 'రాసెయ్యి'లోనూ పెట్టాను. ఒక్కో సైటూ దించడం, ప్రతి పేజీ తెరవడం, అంకెలు నేను గట్టిగా చదవడం, అవే అంకెలు వదిన తెరమీద తనే చదివి సరిపోల్చడం. నాలుగో సైటు దగ్గరికొచ్చేసరికి ఆవిడ నాకంటే ముందే చదివేస్తోంది. నాలుగూ యాభైకి ఎనిమిదీ అయ్యాయి. మేనేజరుకి కబురు పంపి, ఆ రోజు మొదటిసారిగా కుర్చీలో వెనక్కి వాలాను.

వదిన లేచి తన గదిలోకి వెళ్ళి ఒక కవరు తెచ్చింది. కంటి డాక్టరుది. పరీక్షలు చేయించుకుని వచ్చాక పోస్టులో పంపారట. అడుగు సొరుగులో పాత మౌసుల కింద ఉంచానంది. చింపి ఉంది.

"విప్పాను గానీ నాకు కనపడలేదు. ఇంకెవరిచేతా చదివించుకోబుద్ధి కాలేదు," అంది. "ఇప్పుడు చదువు."

ఉత్తరం తీశాను. మంచి కాగితం, తెల్లగా ఉంది. దానిమీద సన్నటి అక్షరాలు, లేత బూడిదరంగులో. ఎవరో నాలాంటి మనిషే ముచ్చటపడి కూర్చిన అక్షరాలు, కళ్ళు పాడైనవాళ్ళకి పంపడానికి. గదిలో వెలుతురు చాలక కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చదివాను. ఎడమ కంట్లో పోయింది తిరిగి రాదు. కుడి కంటికి వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెడితే ఉన్న చూపు నిలబెట్టవచ్చు. ఆలస్యం చెయ్యకూడదు. కింద ఒక తేదీ వేసి, ఆ రోజు తప్పక రావాలని రాశారు.

ఆ తేదీ దగ్గర చదవడం ఆపేశాను. వదిన అడిగింది, ఎప్పుడు రమ్మన్నారని. ఒక్క క్షణం అబద్ధం చెబుదామనిపించింది. ఆవిడ ఎదురుగా కూర్చుని నా మొహం వైపే చూస్తోంది.

"మూడు వారాలు దాటింది వదినా," అన్నాను.

వదిన బల్ల మీద చెయ్యి చాపి తన ఫోను దగ్గరికి లాక్కుంది. దాని మీద అంకెలు ఒక్కొక్కటీ కిటికీలంత ఉన్నాయి, అవీ తనే పెంచుకుంది. ఆసుపత్రి మూసేలోపు చేద్దాం, నంబరు చెప్పు అంది. నంబరు కూడా అదే బూడిదరంగులో, కాగితం అడుగున ఉంది. కన్నీళ్ళు తుడుచుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి, నేను ఒక్కో అంకే చదివాను. వదిన ఒక్కో అంకే నొక్కింది.